సియోల్‌లో ఒక్క రోజు: టూర్ వద్దు, గైడ్ కావాలి

ప్రశ్న: మాది అనంతపురం. మా తమ్ముడు కొరియాలో ఉద్యోగం చేస్తూ సువాన్‌లోని యోంగ్‌టాంగ్‌లో ఉంటున్నాడు. నవంబరులో అమ్మ, నేను, ఇంటర్ చదివే మా అమ్మాయి పది రోజులు వాడి దగ్గరికి వెళ్తున్నాం. వాడికి సెలవు దొరకడం లేదు. సియోల్ చూడటానికి మాకు మిగిలింది ఒక్క రోజు, అదీ మంగళవారం. ఒక ఏజెన్సీ వాళ్ల ఇంగ్లిష్ గైడ్ టూర్ చూశాం. ఉదయం 8:30కి మ్యోంగ్‌డాంగ్‌లో బస్సెక్కితే గ్యోంగ్‌బొక్‌గుంగ్ ప్యాలెస్, బుక్‌చోన్, జిన్సెంగ్ సెంటర్, భోజనం, ఇన్సాడాంగ్, నామ్సాన్ టవర్, డీడీపీ (డాంగ్‌డేమున్ డిజైన్ ప్లాజా), లొట్టే టవర్ చూపించి రాత్రి 7కి వదిలేస్తారట. అమ్మకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, పైగా కార్తీకం కాబట్టి ఉల్లి, వెల్లుల్లి కూడా తినదు. అమ్మాయికేమో కే-పాప్ పిచ్చి. పాతవి, కొత్తవి రెండూ ఒకే రోజులో చూపిస్తున్నారు కదా అని ఆశగా ఉంది. డబ్బు కట్టేయమంటారా? మా అంతట మేమే తిరిగితే భాష రాక ఇబ్బంది పడతామా?

జవాబు:

కట్టకండి. కనీసం మంగళవారానికి మాత్రం అస్సలు కట్టకండి, ఎందుకంటే గ్యోంగ్‌బొక్‌గుంగ్‌కి మంగళవారం సెలవు. మీరు పంపిన కాగితంలో అట్టడుగున చిన్న అక్షరాల్లో 'మంగళవారాల్లో వేరే ప్యాలెస్' అని ఉంది చూడండి, ఆ ముక్క అందుకే. మిగతా రాజభవనాలు, అంటే చాంగ్‌డొక్‌గుంగ్, డొక్సుగుంగ్ లాంటివి సోమవారం మూసేస్తారు. కాబట్టి తమ్ముడితో మాట్లాడి బుధవారానికో శుక్రవారానికో మార్చుకోండి. గురువారం కూడా ఒకసారి కనుక్కుని పెట్టుకోండి. నవంబరు మధ్యలో ఒక గురువారం వాళ్ల కాలేజీ ప్రవేశ పరీక్ష ఉంటుంది, సునుంగ్ అంటారు. మన ఎంసెట్ టెన్షన్ దాని ముందు ఏపాటి! ఆ రోజు ఆఫీసులు గంట ఆలస్యంగా తెరుస్తారు, ఇంగ్లిష్ వినికిడి పరీక్ష జరిగే కాసేపు విమానాలను కూడా ఎగరనివ్వరు, దిగనివ్వరు. టూరిస్టులకు దానివల్ల నష్టమేం లేదు గానీ పొద్దున రైళ్ల రద్దీ తీరు మారిపోతుంది, పెద్దావిడతో వెళ్తూ ఆ తలనొప్పి ఎందుకు?

ఇక టూర్ సంగతి. మీ కాగితంలో భోజనం కాకుండా ఏడు చోట్లున్నాయి. బస్సు దిగడం, అందరూ పోగయ్యేదాకా నిలబడటం, బాత్రూమ్ దగ్గర లైను, మళ్లీ బస్సెక్కి తల లెక్క పెట్టించుకోవడం, వీటికే ప్రతి చోటా అరగంట పోతుంది. పైగా సియోల్ ట్రాఫిక్ మన హైదరాబాద్‌కేం తీసిపోదు. జిన్సెంగ్ సెంటర్ అని మర్యాదగా రాశారు గానీ అది జిన్సెంగ్ అనే ఔషధ వేరు అమ్మే దుకాణం. చవక టూర్లలో జిన్సెంగ్‌దో, అమెథిస్ట్ రాళ్లదో, కాస్మెటిక్స్‌దో ఒక అంగడి తప్పకుండా ఉంటుంది. టూర్ అంత తక్కువకి రావడానికి అదే కారణం, లోపలికి వెళ్లాక కొనకుండా బయటపడటం మొహమాటస్తులకు కష్టం.

నా మాట ఏంటంటే, రోజుని రెండు ముక్కలు చేయండి. పాత చోట్లకు గైడ్ కావాలి, కొత్త చోట్లకు అక్కర్లేదు. రాజభవనంలో చెప్పేవాళ్లు లేకపోతే ఒకే రంగు చెక్క మండపాలు వరసగా కనిపిస్తాయి, పావుగంటకి అమ్మాయి ఫోను తీస్తుంది. షాపింగ్ మాల్‌కో టవర్‌కో గైడ్ వచ్చి చెప్పేదేముంటుంది, లిఫ్ట్ ఎక్కడుందో తప్ప? మరి గైడ్‌కి రోజంతా డబ్బివ్వడం దేనికి, పొద్దున రెండు గంటలకు దొరికితే చాలదా అంటే, దొరుకుతుంది, అదీ ఉచితంగా. గ్యోంగ్‌బొక్‌గుంగ్‌లో టికెట్ కొన్నవాళ్లకి ఇంగ్లిష్‌లో ఉచితంగా తిప్పి చూపిస్తారు, ఉదయం 11 గంటలకు ఒకటి మొదలవుతుంది. టికెట్ గేటు దాటగానే గైడ్ల గది ఉంది, అక్కడ నిలబడితే చాలు. ముందు రోజు రాత్రి ప్యాలెస్ వెబ్‌సైట్‌లో టైము ఒకసారి చూసుకోండి. ప్రవేశ రుసుము ఇన్నాళ్లుగా పెద్దవాళ్లకి 3,000 వన్‌లే, మన లెక్కలో రెండొందల లోపు. 65 దాటిన విదేశీయులకు, 18 లోపు వాళ్లకు టికెట్ లేదు, కాబట్టి అమ్మవి, అమ్మాయివి పాస్‌పోర్టులు చేతిలో పెట్టుకోండి.

అక్కడికి వెళ్లడం ఎలాగంటే, యోంగ్‌టాంగ్ నుంచి ఒక్కసారి రైలు మారితే చాలు. సుయిన్-బున్‌డాంగ్ లైన్‌లో సూసో దాకా వచ్చి, అక్కడ 3వ లైను ఎక్కితే నేరుగా గ్యోంగ్‌బొక్‌గుంగ్ స్టేషన్‌లోనే దిగుతారు. 3వ లైను మొదలయ్యే స్టేషన్ సూసోకి కాస్త ముందే ఉంది కాబట్టి పొద్దున పూట కూడా సీటు దొరికే అవకాశం ఎక్కువ. దొరక్కపోయినా ప్రతి పెట్టె చివర పెద్దవాళ్ల సీట్లుంటాయి, అమ్మను అక్కడ కూర్చోబెట్టండి, విదేశీయులని ఎవరూ లేపరు. మొత్తం గంటన్నర వేసుకోండి. అదే టూరైతే 8:30కి మ్యోంగ్‌డాంగ్‌లో ఉండాలంటే ఏడింటికల్లా ఇంట్లోంచి బయటపడాలి, సరిగ్గా జనం ఆఫీసులకు ఒరుసుకుంటూ వెళ్లే టైములో.

9:30 ప్రాంతానికి చేరితే అమ్మాయికి హాన్‌బోక్, అంటే కొరియా సంప్రదాయ దుస్తులు, అద్దెకు తీసుకోవచ్చు. స్టేషన్ చుట్టుపక్కల అన్నీ ఆ దుకాణాలే, రెండు గంటలకింత, నాలుగు గంటలకింత అని రేటు రాసి ఉంటుంది, జుట్టు కూడా వాళ్లే వేస్తారు. వేసుకున్నవాళ్లకి ప్యాలెస్‌లో టికెట్ అక్కర్లేదు, అంటే మీరు కూడా సరదాపడితే ఆ మూడు వేలూ మిగులుతాయి. నవంబరు చలి సియోల్‌లో గట్టిగానే ఉంటుంది, పొద్దున మూడు నాలుగు డిగ్రీలకు పడిపోతుంది, కాబట్టి లోపల థర్మల్స్ వేసుకోమనండి, పైకి కనపడవు. బస్సు టూర్‌లో వెళ్తే ఈ సరదా కుదరదు. బట్టలు తిరిగి అదే దుకాణంలో ఇవ్వాలి కదా, బస్సేమో ప్యాలెస్ అయిపోగానే ఇంకో వైపు పోతుంది. అమ్మాయి ఫొటోల్లో మొదటిది ఇదే అవుతుందని నాకు తెలుసు కాబట్టి చెప్తున్నా.

సరిగ్గా 10 గంటలకు ప్యాలెస్ ముందరి ఆవరణలో కాపలా మారే తంతు జరుగుతుంది. డోలు, బాకా, రంగు రంగుల అంగరఖాలు, ఇరవై నిమిషాల వేడుక. దీనికి టికెట్ కూడా లేదు. అమ్మకు నిలబడే ఓపిక లేకపోతే పక్కనే రాజభవనాల మ్యూజియం ఉంది, ఉచితం, లోపల వెచ్చగా ఉంటుంది, కూర్చునే చోట్లుంటాయి.

11కి గైడ్‌తో నడక. గైడ్ ఎందుకు కావాలో ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి. ఈ భవనం 1395లో కట్టారు, చోసన్ వంశం రాజ్యానికొచ్చిన కొత్తలో. 1592లో జపాన్ దండయాత్రప్పుడు కాలిపోయింది. ఆ తర్వాత రెండు వందల డెబ్భై ఏళ్లకు పైగా అలాగే పాడుబడి ఉంది, 1867లో గానీ మళ్లీ లేవలేదు. ఆ తర్వాత జపాన్ వాళ్లే దేశాన్ని ఆక్రమించి, ఇందులో చాలా కట్టడాలు ఊడదీసి, సరిగ్గా సింహాసన మండపానికి అడ్డంగా తమ గవర్నమెంట్ హౌస్ కట్టుకున్నారు, అది 1926లో పూర్తయింది. రాజు కూర్చున్న చోటు ఊళ్లోవాళ్లకి కనపడకూడదని! స్వాతంత్ర్యం వచ్చి సరిగ్గా యాభై ఏళ్లయిన రోజున, 1995 ఆగస్టు 15న, కొరియావాళ్లు దాన్ని కూలగొట్టడం మొదలుపెట్టారు. అవును, వాళ్ల స్వాతంత్ర్య దినం కూడా మనదే. ముందున్న గ్వాంగ్‌హ్వామున్ గేటును 2010లో తిరిగి కలపతో నిలబెట్టారు, దాని ముందరి రాతి వేదికను 2023లో పూర్తి చేశారు. అంటే మీరు చూసేవాటిలో కొన్ని నూట యాభై ఏళ్లవి, కొన్ని నిన్నగాక మొన్నటివి, అన్నీ ఒకే రంగులో పక్కపక్కనే ఉంటాయి. చెప్పేవాళ్లు లేకపోతే ఏది ఏదో తెలియదు.

సింహాసన మండపం పేరు గున్‌జంగ్‌జన్, 1867 నాటిది. దాని ముందు వాకిట్లో రాళ్లు చూడండి, ఎగుడుదిగుడుగా, సగం చెక్కి వదిలేసినట్టు ఉంటాయి. పనివాళ్ల బద్ధకం కాదది, నున్నగా ఉంటే ఎండకి కళ్లు మిరుమిట్లు గొలుపుతాయని, వానకి కాళ్లు జారతాయని అలా వదిలారు. అమ్మ చేయి మాత్రం అక్కడ పట్టుకోండి, మోకాళ్ల నొప్పులవాళ్లకి ఆ రాళ్లు మంచివి కావు. మధ్యలో బాటకి రెండు వైపులా చిన్న రాతి స్తంభాలుంటాయి, వాటి మీద అధికారుల హోదా చెక్కి ఉంటుంది, ఎవరు ఎక్కడ నిలబడాలో దాన్నిబట్టే. నేలలో ఇనుప రింగులు కనిపిస్తాయి, వేడుకలప్పుడు పందిళ్ల తాళ్లు వాటికి కట్టేవాళ్లు. తర్వాత జేబులోంచి పదివేల వన్‌ల నోటు తీయండి. దాని మీద సెజొంగ్ రాజు బొమ్మ వెనకాల సూర్యుడు, చంద్రుడు, ఐదు కొండలు ఉంటాయి. తలుపులోంచి లోపలికి చూస్తే సింహాసనం వెనక అదే బొమ్మ తెర మీద కనిపిస్తుంది. రాజు ఎక్కడ కూర్చుంటే అక్కడ వెనక ఆ తెర ఉండాల్సిందే.

ఇంకోటి. పైకప్పు అంచుల మీద చిన్న చిన్న మట్టి బొమ్మలు వరసగా కూర్చుని ఉంటాయి. అన్నిటికన్నా ముందున్నది ఎవరనుకుంటున్నారు? వాళ్ల సంప్రదాయం ప్రకారం హ్యూయన్‌త్సాంగ్. మన సాంఘిక శాస్త్రం పుస్తకాల్లో ఉండే ఆయనే, బౌద్ధ గ్రంథాల కోసం చైనా నుంచి వచ్చి, అమరావతి దగ్గర ధాన్యకటకం కూడా చూసిపోయిన భిక్షువు. ఆయన వెనక కోతి, పంది శిష్యులు. దుష్టశక్తులు ఇంట్లోకి రాకుండా ఈ గుంపు కాపలా. ఇది అమ్మకు చెప్పండి, మెడ నొప్పెట్టినా సరే పైకి చూస్తుంది.

లోపలికి వెళ్లేకొద్దీ కోనేటి మధ్య 48 రాతి స్తంభాల మీద నిలబడ్డ గ్యోంగ్‌హేరు మండపం, రాణి గదుల వెనక మెట్లు మెట్లుగా ఉన్న తోటలో ఆరు పలకల ఇటుక పొగగొట్టాలు. ఆ పొగగొట్టాల్ని వదలొద్దు. వాళ్ల ఇళ్లల్లో నేల కింద నుంచి వేడి పంపుతారు, పొయ్యి పొగ అలా గది కింద నుంచి పోయి దూరంగా తోటలో ఈ గొట్టాల్లోంచి బయటికొస్తుంది. ఒట్టి పొగగొట్టమే కదా అనుకోకుండా దాని మీద పూలు, పక్షులు, మృగాలు అన్నీ అచ్చువేశారు. ఉత్తరం చివర గొంచంగ్‌గుంగ్ అనే చోట 1895లో వాళ్ల మ్యొంగ్‌సొంగ్ రాణిని జపాన్ మనుషులు చొరబడి చంపేశారు. గైడ్ అక్కడిదాకా తీసుకెళ్లకపోవచ్చు, దూరం ఎక్కువ, అమ్మను తిప్పొద్దు.

మీ అమ్మాయి కే-పాప్ పుణ్యమా అని హంగుల్, అంటే కొరియా లిపి, చదవడం నేర్చుకునే ఉంటుంది. స్టేషన్ బోర్డులన్నీ చదివి చూపిస్తుంది, ప్యాలెస్‌లోకి రాగానే నోరు మూతపడుతుంది, ఎందుకంటే ఈ మండపాల పేర్ల పలకలన్నీ చైనా అక్షరాల్లోనే ఉంటాయి. ఆ అక్షరాలు సామాన్యులకు కొరుకుడు పడటం లేదనే సెజొంగ్ రాజు హంగుల్ తయారుచేయించి 1446లో ప్రకటించాడు. ఆయన పెద్ద కంచు విగ్రహం బయట గ్వాంగ్‌హ్వామున్ చౌరస్తాలో కూర్చుని ఉంటుంది. ఈ ముక్క గైడ్ నోట వింటే ఆ పిల్లకి ప్యాలెస్ మీద గౌరవం పుడుతుంది.

ఒంటిగంట లోపు ఇదంతా అయిపోతుంది. హాన్‌బోక్ తిరిగి ఇచ్చేసి భోజనానికి కదలండి.

బుక్‌చోన్ తీసేయండి. నిర్మొహమాటంగా చెప్తున్నా. ఫొటోల్లో కనిపించే ఆ వీధి నిట్టనిలువు ఎక్కుడు, అమ్మ ఎక్కలేదు. 'ఆరువందల ఏళ్ల పల్లె' అని టూర్లవాళ్లు రాస్తారు గానీ అక్కడున్న పెంకుటిళ్లలో చాలావరకు 1930ల ప్రాంతంలో ఒక బిల్డర్ పాత స్థలాలు ముక్కలు చేసి వరసగా కట్టి అమ్మినవి. అందులో మనుషులు కాపురం ఉంటున్నారు, వచ్చేపోయే జనంతో విసిగిపోయారు. అందుకని ముఖ్యమైన సందుల్లోకి టూరిస్టుల్ని ఉదయం 10 నుంచి సాయంత్రం 5 దాకానే రానిస్తున్నారు, ఆ వేళ దాటి తిరిగితే లక్ష వన్‌ల జరిమానా, 2025 మార్చి నుంచి వసూలు చేస్తున్నారు. అదే కాలంనాటి ఇళ్లే ఇక్‌సన్‌డాంగ్‌లో ఉన్నాయి, జోంగ్నో 3-గా స్టేషన్ పక్కన, నేల చదును. ఆ ఇళ్లని కాఫీ షాపులుగా, మిఠాయి దుకాణాలుగా మార్చేశారు కాబట్టి లోపలికి వెళ్లి కూర్చోవచ్చు, ఎవరూ ఏమనరు. పాత ఇల్లు, కొత్త వ్యాపారం ఒకే కప్పు కింద. అమ్మాయికి నచ్చుతుంది, కాకపోతే వారాంతంలో కాలు పెట్టడానికి చోటుండదు, మీరు పనిరోజున వెళ్తున్నారు కాబట్టి పర్లేదు.

భోజనమే అసలు చిక్కు. కొరియాలో మాంసం లేకుండా పెట్టమంటే పెడతారు, కానీ పులుసులో ఎండు చేపల నీళ్లు, కిమ్చిలో (వాళ్ల కూరగాయల ఊరగాయ) చేపల సారమో రొయ్యల ఉప్పో ఉంటాయి, వాళ్ల లెక్కలో అవి మాంసం కావు. మార్కెట్లో పెసరపప్పు తిరగట్లో రుబ్బి పెనం మీద నూనెలో కాల్చే బిందెటొక్ చూస్తే అమ్మకు మన పెసరట్టే గుర్తొస్తుంది, నోరూరుతుంది, ఆగమనండి, పిండిలో చాలాసార్లు పంది మాంసం, కిమ్చి కలిపే ఉంటాయి. పైగా కార్తీకం, ఉల్లి వెల్లుల్లి లేకుండా అంటే మామూలు హోటల్లో అసలు కుదరదు. కానీ ఒక దారుంది. కొరియా బౌద్ధ మఠాల్లో భిక్షువులు మాంసంతో పాటు ఉల్లి, వెల్లుల్లి జాతి ఐదు రకాలూ తినరు, ఆ వంటకి అక్కడ మంచి పేరుంది. ఇన్సాడాంగ్ దగ్గరే జోగ్యేసా గుడి, జోగ్యే బౌద్ధ సంప్రదాయానికి ముఖ్య ఆలయం, దాని ఎదుటే ఆ సంస్థవాళ్లే నడిపే బల్‌ఉ గోంగ్యాంగ్ అనే భోజనశాల ఉంది. ముందుగా సీటు బుక్ చేసుకోవాలి, ఖరీదు గట్టిగానే ఉంటుంది, కానీ అమ్మ అనుమానం లేకుండా తినే భోజనం ఆ రోజంతటికీ అదొక్కటే అనుకోండి, టూర్‌కి కట్టే డబ్బులో కొంత ఇక్కడ పెట్టండి. కుర్చీల టేబులే కావాలని బుకింగ్‌లోనే చెప్పండి, నేల మీద కూర్చోబెడితే లేవడం కష్టం. అంత ఖర్చు వద్దనుకుంటే తమ్ముడింట్లో పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకోండి, జోగ్యేసా ఆవరణలో కూర్చునే చోట్లుంటాయి, బయట ఎక్కడైనా తినొచ్చు. మిగతా పూటలకి తమ్ముడి చేత కొరియన్‌లో ఒక కాగితం రాయించుకోండి. మాంసం, చేప, రొయ్య, వాటి ఉడికిన నీళ్లు, గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి వద్దు అని ఒక్కొక్కటీ విడిగా రాయాలి. 'శాకాహారం' అని ఒక్క మాట చెప్తే సరిపోదు.

ప్యాలెస్ నుంచి ఇన్సాడాంగ్‌కి నడిస్తే ఇరవై నిమిషాలు, అమ్మ కోసం టాక్సీ తీసుకోండి, కనీస ఛార్జీ 4,800 వన్‌లు, దాదాపు మూడొందల రూపాయలు. ఇన్సాడాంగ్ వీధి గురించి పెద్దగా చెప్పేదేం లేదు, కాగితం విసనకర్రలు, కుంచెలు, టీ కప్పులు, బంధువులకిచ్చే చిన్న వస్తువులు కావాలంటే అరగంట చాలు.

రెండు మూడు గంటల మధ్య నదికి అవతలి ఒడ్డుకు వెళ్లిపోండి. ఇదే నేను మార్చమంటున్న రెండో విషయం. నామ్సాన్ టవర్, లొట్టే టవర్ రెండూ పెట్టారు మీ టూర్లో, ఒకే ఊరిని రెండుసార్లు పైనుంచి చూడటం తప్ప అందులో ఏముంది? నామ్సాన్‌కి టూర్ బస్సు పైదాకా పోదు. కేబుల్ కార్‌కి లైనుంటుంది, సిటీ బస్సులో వెళ్లినా దిగాక టవర్ దాకా ఎక్కుడు నడక తప్పదు. అందుకని దాన్ని కొట్టేయండి. డీడీపీ బాగుంటుంది, జహా హదీద్ అనే పేరున్న ఆర్కిటెక్ట్ డిజైన్, 2014లో తెరిచారు, పాత స్టేడియం కూల్చి పునాదులు తవ్వుతుంటే ఊరి పాత కోటగోడ బయటపడితే దాన్ని అలాగే ఉంచి పక్కనే ఈ వెండిరంగు కట్టడం లేపారు. కానీ అది మీ ఇంటి దారికి ఎడంగా ఉంది, ఇంకో పూట దొరికితే చూడండి.

దానికి బదులు గంగ్‌నమ్ వైపు సామ్సంగ్ అనే పేటలో బొంగున్‌సా గుడి, కోఎక్స్ మాల్. ఈ రెంటికీ మధ్య ఒక్క రోడ్డే. ఒక వైపు 794లో మొదలైన గుడి, ఇంకో వైపు భూగర్భంలో మైళ్లకొద్దీ మాల్. ఇన్సాడాంగ్ పక్కన ఆన్‌గుక్ స్టేషన్‌లో 3వ లైను ఎక్కి ఎక్స్‌ప్రెస్ బస్ టెర్మినల్ స్టేషన్‌లో 9వ లైనుకి మారితే బొంగున్‌సా పేరుతోనే స్టేషన్ ఉంది, బయటికి రాగానే గుడి. మారే చోట మెట్లు చాలా ఉంటాయి, లిఫ్ట్ గుర్తు వెతుక్కుని దాని వెంటే వెళ్లండి, రెండు నిమిషాలు ఆలస్యమైనా ఫర్లేదు. ఐదు దాటితే 9వ లైను కిక్కిరిసిపోతుంది, అందుకే మూడింటికల్లా బయల్దేరమన్నది.

బొంగున్‌సాలో 23 మీటర్ల మైత్రేయ బుద్ధుడి రాతి విగ్రహం ముందు నిలబడితే దాని వెనక కాదు, ఎదురుగా గాజు భవనాలు కనిపిస్తాయి. అమ్మాయి ఫొటో అక్కడ తీస్తుంది. మీరు మాత్రం పక్కకి వచ్చి పాంజన్ అనే చిన్న మండపం చూడండి, 1856లో కట్టింది, లోపల సూత్ర గ్రంథాలు చెక్కిన మూడు వేలకు పైగా చెక్క పలకలు దాచారు. గుమ్మం పైన పేరు రాసింది కిమ్ జొంగ్-హి, కొరియాలో అక్షరం అందంగా రాయడంలో ఆయనను మించినవాడు లేడంటారు. చనిపోవడానికి మూడు రోజుల ముందు, 71 ఏళ్ల వయసులో, జబ్బుతో ఉండి రాశాడని చెప్తారు. చూస్తే చిన్నపిల్లవాడు దిద్దినట్టు మొద్దుగా, సూటిగా ఉంటాయి ఆ రెండు అక్షరాలు. మనకి చైనా లిపి రాకపోయినా కాసేపు చూడాలనిపిస్తుంది. సాయంత్రం పూజ వేళ పెద్ద డోలు, గంట వాయిస్తారు, నవంబరులో 5:20 కల్లా చీకటి పడుతుంది, దీపాలు పెడతారు. కార్తీకంలో అమ్మకి అంతకన్నా ఏం కావాలి, శివుడి గుడి కాదన్న బాధ తప్ప.

తర్వాత రోడ్డు దాటితే అమ్మాయి వంతు. కోఎక్స్ బయట భవనం మూలకి చుట్టుకున్న భారీ తెర మీద కే-పాప్ వీడియోలు వస్తుంటాయి. 2012లో 'గంగ్‌నమ్ స్టైల్' పాటకి ప్రపంచమంతా వేసిన గుర్రపు డ్యాన్సు గుర్తుందా, ఆ రెండు చేతుల పెద్ద బొమ్మ కూడా అక్కడే ఉంది. లోపల స్టార్‌ఫీల్డ్ లైబ్రరీ, 2017లో తెరిచారు, 13 మీటర్ల ఎత్తున పుస్తకాల అరలు, టికెట్ లేదు, కూర్చోవడానికి కుర్చీలున్నాయి. అమ్మ, మీరు అక్కడ కాళ్లు చాపుకుంటే అమ్మాయి గంటన్నర తన దుకాణాలు తిరిగి వస్తుంది. ఒక జాగ్రత్త. కే-పాప్ మ్యూజియం, ఫలానా కంపెనీ షోరూమ్ అని ఇంటర్నెట్‌లో కనపడే చాలా చోట్లు ఈ నాలుగైదేళ్లలో మూతపడ్డాయి, కోఎక్స్‌లోనే ఒకటి 2020లో పోయింది. అమ్మాయి రాసుకున్న లిస్టులో ప్రతిదీ నేవర్ మ్యాప్‌లో ఇప్పటి టైములతో సరిచూసుకోమనండి. ఆ యాప్ ఇంగ్లిష్‌లో కూడా పనిచేస్తుంది, అక్కడివాళ్లు వాడేది అదే.

పిల్ల టవర్ ఎక్కాల్సిందే అని పట్టుబడితే అప్పుడు లొట్టే టవర్. 555 మీటర్లు, 123 అంతస్తులు, సామ్సంగ్ నుంచి 2వ లైనులో మూడో స్టేషన్ జామ్‌సిల్, స్టేషన్ లోంచే దారి. మెట్లెక్కే పనే లేదు కాబట్టి అమ్మ కూడా రావచ్చు. టికెట్ మాత్రం మనిషికి ముప్పై వేల వన్‌ల దాకా ఉంటుంది, మబ్బుగా ఉంటే దండగ. నాకైతే లైబ్రరీలో అమ్మతో కూర్చోవడమే మేలనిపిస్తుంది, మీ ఇష్టం.

ఇంటికెళ్లే దారి కోసమే రోజుని ఇక్కడ ముగించమన్నాను. సామ్సంగ్ పక్క స్టేషన్ సొల్లుంగ్, అక్కడ సుయిన్-బున్‌డాంగ్ లైను దొరుకుతుంది, నేరుగా యోంగ్‌టాంగ్. 6 నుంచి 7:30 మధ్య మాత్రం రైలెక్కొద్దు, గంగ్‌నమ్ ఆఫీసులన్నీ ఆ వేళకే విడుస్తాయి. ఎనిమిదింటికి కదిలితే హాయి. టూర్‌లో వెళ్లి ఉంటే 7కి మ్యోంగ్‌డాంగ్‌లోనో ఎక్కడో వదిలేస్తారు, అక్కణ్నుంచి అలసిన అమ్మతో రెండు రైళ్లు మారాలి.

భాష గురించి భయం అక్కర్లేదు. స్టేషన్లలో బోర్డులు, ప్రకటనలు ఇంగ్లిష్‌లో ఉంటాయి, టీ-మనీ అనే ప్రయాణాల కార్డు ముగ్గురికీ తలా ఒకటి తీసుకుని డబ్బులు వేయించుకుంటే టికెట్ గొడవ ఉండదు, బాత్రూములు ప్రతి స్టేషన్‌లో శుభ్రంగా ఉంటాయి, డబ్బు అడగరు. టాక్సీ డ్రైవర్‌కి వెళ్లాల్సిన చోటు ఫోనులో కొరియన్‌లో చూపిస్తే చాలు.

ఏం చేసినా మంగళవారం మార్చడం కుదరదంటే చాంగ్‌డొక్‌గుంగ్‌కి వెళ్లండి, అది తక్కువదేం కాదు. 1405లో కట్టింది, రాజులు ఎక్కువ కాలం కాపురమున్నది అక్కడే, 1997 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. వెనక తోట నవంబరులో ఎర్రగా పండి ఉంటుంది, కానీ దానికి వేరే టికెట్, టైము ప్రకారం కొద్దిమందినే పంపిస్తారు, ఎత్తుపల్లాలు ఎక్కువ. అమ్మను ముందు మండపాల దగ్గర కూర్చోబెట్టి మీరిద్దరే వెళ్లి రావాలి. ఇన్సాడాంగ్ నుంచి ఆ తర్వాతంతా పైన చెప్పిందే.

ఇంత చెప్పినా టూరే సుఖం, మాకు ఈ రైళ్లు మారడం అవీ వద్దు అనిపిస్తే అది తప్పేం కాదు. అలాంటప్పుడు సగం రోజు టూర్ చూడండి. డబ్బు కట్టేముందు వాళ్లకి మెయిల్‌లో ఇవి అడగండి: మేమెళ్లే రోజున సరిగ్గా ఏ ప్యాలెస్, లోపల ఎంతసేపు, ప్రవేశ రుసుము మీరే కడతారా, దుకాణాల్లో ఆపుతారా, ఎక్కుడు నడక ఎంత ఉంటుంది, చివర ఎక్కడ దింపుతారు, శాకాహార భోజనం అంటే అందులో ఏమేం వేస్తారు. వీటికి సూటిగా జవాబు రాసి పంపిన ఏజెన్సీకే కట్టండి. 'డోంట్ వర్రీ మేడమ్' అని మాత్రమే వస్తే ఇంకొకళ్లని చూసుకోండి.